ముందు కన్ను, తర్వాత చెవి

హరనాథ్ కూతురు కృతికి ఫిబ్రవరి నాటికి నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదవడం వచ్చేసింది. పుస్తకం చేతిలో పెడితే చదివేది. కళ్ళు మూసుకోమంటే కళ్ళు మూసుకుని కూడా చదివేది. ఆ రెండో సంగతి దగ్గరే తండ్రికి అనుమానం రావాలి. రాలేదు సరికదా, గర్వం వచ్చింది.

ఇదంతా అంతకుముందు నవంబరులో మొదలైంది. కృతికి ఆరేళ్ళు, అమెరికాలో అరోరా అనే ఊళ్ళో ఫస్ట్ గ్రేడ్ చదువుతోంది. టీచర్ మిసెస్ నోవాక్ తల్లిదండ్రుల్ని రమ్మని కబురు పెట్టింది. హరనాథ్ భార్య రాధారాణి డేకేర్‌లో పసిపిల్లల్ని చూసుకునే పని చేస్తుంది, ఆ టైములో ఆమెకి కుదరదు. హరనాథ్‌కి ఇంగ్లీషు వింటే సగం అర్థమవుతుంది. మిగతా సగానికి తలూపడం అలవాటైంది. పక్కనే నేపర్‌విల్‌లో సొంత అక్క పద్మిని ఉంది, పళ్ళ డాక్టరు. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చి వాలుతుంది. వచ్చి వాలుతుందనే చెయ్యలేదు.

స్కూలువాళ్ళు బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకర్ నొక్కారు. అందులోంచి ఒక ఆడమనిషి గొంతు పలికింది.

"నమస్తే సార్. నేను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. టీచర్ ఏం చెప్తే అదే చెప్తా, నా సొంతం ఏం కలపను."

"కలపకండి తల్లీ. ఉన్నదే చాలు," అన్నాడు హరనాథ్.

"మీ పాప మంచిగ మాట్లాడుతదట, లెక్కలు మంచిగ చేస్తదట. చదువుడు ఒక్కటే వెనక పడ్డదట. మే నెల వరకు క్లాసుతోని సమానంగ రాకుంటే, ఇంకొక సంవత్సరం ఫస్ట్ గ్రేడ్‌లనే ఉంచుడు మంచిదేమో ఆలోచించాలె అంటున్నది టీచర్."

హరనాథ్ తలూపలేదు. అతనికి ఈ మాట పూర్తిగా అర్థమైంది.

అక్కా తమ్ముడూ తణుకులో ఒకే బడికి వెళ్ళినవాళ్ళే. తండ్రికి పక్షవాతం వచ్చిన ఏడు, ఇంట్లో ఒక్కరి చదువే సాగుతుందని పెద్దవాళ్ళు తేల్చారు. మంచి మార్కులు అక్కవి. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా హరనాథ్‌ని మేనమామ వంట జట్టుకి అప్పగించారు. అక్క చేతికి పుస్తకం, తమ్ముడి చేతికి గరిటె. పాతికేళ్ళు ఊరూరా పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి పొగ తిన్నాడు. చివరికి ఆ అక్కే కాగితాలు పెట్టి అమెరికా రప్పించింది. "నేను రప్పించాను" అని ఆవిడ ఏనాడూ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువగా గుచ్చుకునేది.

ఇప్పుడు గుడిలో వంట అతనిది. పొద్దున్న స్వామికి నైవేద్యం, సాయంత్రం భక్తులకి ప్రసాదం. చేతివంట బాగుంటుందని పేరు. ఎవరైనా "ఏం చదువుకున్నారండీ?" అని అడిగితే మాత్రం ఆ రోజు పులిహోరలో కారం కాస్త ఎక్కువ పడేది.

"ఇంట్ల రోజు ఎవరన్న పాపకు పుస్తకం చదివి వినిపిస్తరా అని అడుగుతున్నది సార్."

"వినిపిస్తాం," అన్నాడు హరనాథ్. అబద్ధం. రాధారాణి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. తనకి సరుకుల డబ్బాల మీద పేర్లు తెలుస్తాయి, తారీఖులు తెలుస్తాయి. కథ రాసిన పేజీ ముందు పెడితే మూడో మాట దగ్గర నాలుక మడతపడుతుంది. పిల్ల ముందు ఆ అవమానం ఎందుకని పుస్తకం జోలికే పోడు.

టీచరమ్మకి ఆ అబద్ధం అందిందో లేదో గానీ, దానికి మందు మాత్రం చెప్పింది. లైబ్రరీలో తమంతట తామే చదివి వినిపించే పుస్తకాలు ఉంటాయట. రోజూ పిల్ల చేత వాటిని చూస్తూ వినిపించమంది. ఫోన్‌లో అమ్మాయి కూడా చక్కగానే చెప్పింది, "చూసుకుంట వినాలె" అని. వినడం అన్న మాట హరనాథ్ పట్టుకున్నాడు. చూడటం అన్నదాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే వినడంతో ఎలా చదువొస్తుందో తనకి బాగా తెలుసనుకున్నాడు.

ఆదివారాలు గుడిలో పిల్లలకి శ్లోకాల క్లాసు జరుగుతుంది. ఒక ఆంటీ ఒక పాదం చెబుతుంది, పాతికమంది పిల్లలు తిరిగి చెబుతారు. పుస్తకం లేదు, పలక లేదు. కృతి ఆ క్లాసులో అందరికంటే ముందు. విన్నది విన్నట్టు అప్పజెబుతుంది, ఒక్క అక్షరం జారదు. ఆ పిల్లకి అన్ని శ్లోకాలు వచ్చినప్పుడు నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావా? చెవిలో పోస్తే చాలు, మిగతాది అదే అతుక్కుంటుంది. ఇదీ హరనాథ్ లెక్క.

లైబ్రరీలో ఆ పుస్తకం చూసి ముచ్చటపడ్డాడు కూడా. మామూలు బొమ్మల పుస్తకమే. లోపలివైపు అట్టకి చిన్న పెట్టె అతికించి ఉంది. బొత్తం నొక్కితే ఒక పెద్దావిడ తీరిగ్గా చదువుతుంది, నడుమ ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. పేజీ అయిపోగానే టింగ్ మని గంట కొడుతుంది, తిప్పమని. ఒక తాబేలు మంచులో జారుడుబల్ల ఆడబోయే కథ అది.

బడి నుంచి గుడికి వ్యాన్‌లో పాతిక నిమిషాలు. కృతి వెనక పిల్లలకి వేసే బూస్టర్ సీట్లో బెల్టు పెట్టుకుని కూచుంటుంది. పుస్తకం ముందు సీట్లో హరనాథ్ పక్కన కూచుంటుంది. బొత్తం నొక్కితే తాబేలు కథ మొదలు. అయిపోగానే మళ్ళీ నొక్కు. బయట మంచు కురుస్తుంటే వ్యాన్‌లో తాబేలు జారుతూనే ఉండేది. పది రోజుల్లో పిల్లకి కథంతా నోటికొచ్చింది. ఇంకో పుస్తకం తెచ్చాడు. అదీ వచ్చింది. సంక్రాంతి వెళ్ళేసరికి మూడు, ఫిబ్రవరికి నాలుగు.

ఇంట్లో సోఫాలో కూచుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతుంటే రాధారాణి గుమ్మంలో నిలబడిపోయేది.

"ఏమండీ, దీనికి నిజంగా వచ్చేసిందంటారా?"

"నీ కళ్ళెదురుగా చదువుతుంటే ఇంకా అంటారా ఏంటి?"

"కాదు, పేజీ చివర టింగ్ అంటోంది కదా. అది పుస్తకంలో రాసుంటుందా?"

"అది అలవాటు. శ్లోకం చివర నమః అన్నట్టు."

ఆయన ముఖంలో చాన్నాళ్ళకి వెలుగు కనబడుతోంది, దాన్నెందుకు ఆర్పడం అనుకుంది రాధారాణి.

ఆ వెలుగుతోనే ఫిబ్రవరి చివరి ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాడు. మామూలుగా వంద సాకులు చెప్పేవాడు, ఈసారి పిలవగానే బయల్దేరాడు. భోజనాలయ్యాక బావ మనోహర్ టీవీ ముందు కునుకు తీస్తుంటే, హరనాథ్ పిల్లకి తాబేలు పుస్తకం అందించాడు.

"అత్తకి చదివి వినిపించమ్మా."

కృతి చదివింది. పెద్దావిడ ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు తగ్గిస్తే అక్కడ తగ్గించింది. టింగ్ అంది, పేజీ తిప్పింది. నడుమ ఒకచోట రెండు పేజీలు కలిసి తిరిగాయి. కృతి చదువు మాత్రం ఆగలేదు. బొమ్మలో తాబేలు ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుంది, కృతి నోట్లో తాబేలు ఇంకా కొండెక్కుతోంది.

పద్మిని చూసింది. మేనకోడల్ని దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టి, ఐస్‌క్రీమ్ గిన్నె చేతికిచ్చి పక్క గదిలోకి పంపింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే హరీ, అది చదవడం కాదురా. బట్టీ."

"నువ్వు బట్టీ పట్టకుండానే డాక్టరువయ్యావా అక్కా?"

"మాట తప్పించకు. దానికి అక్షరాలు కనబడటంలేదురా, గొంతు వినబడుతోంది అంతే. నేనొక ట్యూషన్ సెంటర్ చూస్తాను, వారానికి రెండు సార్లు..."

"అక్కర్లేదు."

"కోపమెందుకు? దాని మంచికేగా చెబుతున్నాను."

"నా మంచికి కూడా అప్పట్లో చాలామంది చెప్పారు," అన్నాడు హరనాథ్. లేచి కోటు తొడుక్కున్నాడు. వీధిగుమ్మం దాకా అక్క వెనకే వచ్చింది. ఏదో అనబోయి, పిల్ల ముందు వద్దనుకుని ఆగిపోయింది. దారి పొడుగునా హరనాథ్ మనసులో అక్కకి జవాబులు చెబుతూనే ఉన్నాడు. అన్నీ బాగానే కుదిరాయి, ఎదురుగా ఆవిడ లేదు కాబట్టి.

మార్చిలో మళ్ళీ టీచర్ పిలిచింది. ఈసారి కృతిని కూడా కూచోబెట్టింది. బల్ల మీద మళ్ళీ అదే ఫోన్, అదృష్టమో దురదృష్టమో అదే గొంతు. హరనాథ్ తాబేలు పుస్తకం తనే పట్టుకెళ్ళాడు, రుజువు కింద.

కృతి మొదటి రెండు పేజీలు గడగడా చదివింది. మిసెస్ నోవాక్ నవ్వుతూ వింది, బాగుందంది. తర్వాత చిన్న తెల్లబోర్డు తీసి దాని మీద ఒక వాక్యం రాసింది. కొత్త మాటలేం కాదు. తాబేలు కథలో ఉన్నవే, వరస మార్చింది. ఆ బోర్డుని కృతి ముందు పెట్టింది.

పిల్ల బోర్డు వంక చూసింది. టీచర్ వంక చూసింది. తర్వాత తండ్రి వంక చూసింది. వ్యాన్‌లో కథ ఆగిపోయినప్పుడు అలాగే చూసేది, నొక్కు నాన్నా అన్నట్టు. ఇక్కడ నొక్కడానికేం లేదు.

హరనాథ్‌కి చెవులు వేడెక్కాయి. అక్క చెప్పింది నిజమవడం ఒక బాధ, పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం ఇంకో బాధ. మొదటిది తన బాధ, దాన్ని మింగొచ్చు.

"తల్లీ," అన్నాడు ఫోన్ వైపు వంగి, "టీచర్‌కి ఒక మాట చెప్పండి. ఆ పుస్తకం నేను వ్యాన్‌లో పెట్టాను. పిల్ల వెనక, పుస్తకం ముందు. అది పేజీ చూడనేలేదు. తప్పు దానిది కాదు, నాదని చెప్పండి. ఇంకొకటి. ఇంట్లో రోజూ చదువుతామన్నాను కదా, అది కూడా నిజం కాదు. నాకే చదవడం సరిగ్గా రాదు."

"చెప్తా సార్," అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి.

మిసెస్ నోవాక్ విని, నవ్వలేదు, జాలిపడలేదు. అదే హరనాథ్‌కి నచ్చింది. పుస్తకం తెరిచి, కృతి చూపుడువేలు పట్టుకుని మొదటి మాట కింద పెట్టింది. బొత్తం నొక్కింది. గొంతు ఒక మాట చెప్పగానే వేలిని ఒక మాట జరిపింది. గొంతు, వేలు, కన్ను, మూడూ కలిసి నడవాలని చూపించింది. ఇంకా రెండు నెలల టైముంది అంది. కష్టపడితే చాలు అనలేదు, రోజూ చెయ్యాలి అంది.

మర్నాటి నుంచి వ్యాన్‌లో పుస్తకం బంద్. బడి మూడుంబావుకి వదులుతారు. గుడిలో సాయంత్రం పొయ్యి ఐదింటికి వెలిగించాలి. నడుమ ఉన్న టైములో తండ్రీ కూతుళ్ళిద్దరూ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల పట్టుకున్నారు. కొత్త పుస్తకం తీసుకున్నారు, పిల్ల చెవికి తెలియనిది.

మొదటి వారం మహా ఘోరంగా గడిచింది. గొంతు ముందు పరిగెడుతుంది, వేలు దాని వెనకాల పడుతూ లేస్తూ పోతుంది. రెండో రోజుకల్లా కృతికి కథ వచ్చేసింది. ఇక వేలు ఎక్కడుంటే ఏంటి, నోరు దాని దారిన అది పోతోంది. చూపేమో కిటికీ అవతల ఉడత మీద. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డ హరనాథ్‌కి పెద్దావిడ గొంతు జోలపాటలా ఉండేది.

"నాన్నా, నువ్వు స్లీప్ చేస్తున్నావ్."

"లేదు, వింటున్నా."

"మరి స్నోర్ ఎందుకు చేస్తున్నావ్?"

లైబ్రరీ ఆవిడ అటుగా వెళుతూ నవ్వు ఆపుకుంది. హరనాథ్ ముఖం కడుక్కొచ్చి కూచున్నాడు. పిల్లకి చెవి మరీ చురుకు, అదీ తంటా. చెవి ముందే తిని కూచుంటే కంటికి ఆకలెక్కడిది? అక్కడి దాకా అతనికే తోచింది. దానికేం చెయ్యాలో తోచలేదు.

తోచింది గుడి వంటశాలలో, శనివారం పొద్దున్న.

జగదీష్ గారని రిటైరైన ఇంజినీరు, వారాంతాల్లో వంటశాలలో సాయానికి వస్తారు. మంచాయన, కాకపోతే చెయ్యి ఊరుకోదు. హరనాథ్ పులిహోర కలిపి పక్కన పెట్టగానే ఆయన చెంచాతో ఒక ముద్ద తీసి నోటి దాకా తీసుకెళ్ళారు.

"జగదీష్ గారూ, చెంచా దించండి."

"ఉప్పు చూద్దామని హరనాథ్ గారూ."

"స్వామికి పెట్టకముందే మనం ఎంగిలి చేస్తామా? ఇన్నేళ్ళ నుంచి గుడికొస్తున్నారు."

"అది సరేనండీ, మరి ఉప్పు సరిపోయిందో లేదో మీకెలా తెలుస్తుంది? రోజూ రుచి చూడకుండానే వండుతారు కదా, నాకు ముందు నుంచీ ఇదే ఆశ్చర్యం."

"చూసి చెప్పాలి. రంగు చూడాలి, వాసన చూడాలి, చేత్తో పట్టుకుంటే మెతుకు ఎలా ఉందో చూడాలి. చూసి, ఇది సరిపోయింది అని ముందు మనసులో ఒక మాట అనేసుకోవాలి. నైవేద్యమయ్యాక నోట్లో వేసుకుంటాం. అప్పుడు తెలుస్తుంది మనం అనుకున్నది ఒప్పో తప్పో. ముందే నాలిక మీద వేసుకున్నారనుకోండి, ఇక కన్ను పని చెయ్యదు. చెయ్యాల్సిన అవసరం దానికేముంది, నాలిక చెప్పేసింది కదా. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో రుచి చూసేవాడికి ఒక్కడికీ..."

హరనాథ్ ఆగిపోయాడు. చేతిలో గరిటె గాల్లో ఉంది.

"ఒక్కడికీ ఏంటి?" అన్నారు జగదీష్ గారు.

"ఒక్కడికీ కంటితో ఉప్పు తెలియలేదు," అన్నాడు హరనాథ్, ఆయనతో కాదు.

ఆ సోమవారం లైబ్రరీలో ఇంకో కొత్త పుస్తకం తెరిచాడు. బొత్తం మీద బొటనవేలు పెట్టాడు, నొక్కలేదు.

"అమ్మడూ, ఇవాళ ఈ ఆవిడ గొంతు మనకి ప్రసాదం. ప్రసాదం ముందే తింటామా?"

"నో. గాడ్‌కి పెట్టాకే."

"కదా. ముందు మనం వండాలి. కళ్ళతో వండాలి. ఈ మాట చూడు, ఏమై ఉంటుందో నువ్వు పైకి చెప్పు. చెప్పాక నొక్కుతా. ఆవిడ ఏమందో వింటాం."

"రాంగ్ అయితే?"

"అయితే ఏముంది. రేపటి వంటకి జాగ్రత్తపడతాం. నేనెన్నిసార్లు ఉప్పెక్కువ వేశానో నీకు తెలుసా?"

"అమ్మ చెప్పింది," అంది కృతి.

మొదటి రోజు ఒక్క పేజీ అయింది. పేజీలో రెండే వాక్యాలు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగడం, పిల్ల ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవడం, ఊహించి చెప్పడం, నొక్కడం. పెద్దావిడ అదే మాట అనేసరికి కృతి వెనక్కి వాలి చేతులు కట్టుకునేది, పరీక్ష దిద్దే పంతులమ్మలాగా. తప్పయితే మూతి బిగించి మళ్ళీ వంగేది. చూపు ఉడత మీదకి పోలేదు. పోవడానికి తీరిక లేదు, ఇప్పుడు పందెం కన్నుకీ గొంతుకీ మధ్య.

హరనాథ్ అనుకోనిది ఒకటి జరిగింది. పిల్లతో పాటు తనూ మనసులో ప్రతి మాటా వండుకుంటున్నాడు. మొదట్లో పిల్లని సరిదిద్దడానికి అనుకున్నాడు. వారం తిరిగేసరికి పిల్లకంటే తనవే ఎక్కువ తప్పులని తేలింది. ఒక పొడుగాటి మాట దగ్గర ఇద్దరూ ఆగారు.

"నువ్వు చెప్పు నాన్నా."

హరనాథ్ చూశాడు. ఇంకాసేపు చూశాడు. తలూపి గట్టెక్కే మార్గం ఇక్కడ లేదు.

"నాకు రాదు," అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా."

కృతి అతని వంక కొత్తగా చూసింది. "నిన్ను కూడా మళ్ళీ ఫస్ట్ గ్రేడ్‌లో పెడతామన్నారా?"

"లేదు. నన్ను మధ్యలో మాన్పించారు. వంట నేర్చుకోమన్నారు."

"నీకు ఇష్టమా?"

ఈ ప్రశ్న అతన్ని ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ అడగలేదు.

"అప్పుడు ఇష్టం లేదు. ఏడ్చాను. తర్వాత చెయ్యి కుదిరింది. ఇప్పుడు ఇష్టమే అనుకుంటా."

"ఓకే," అంది కృతి, ఆ సంగతి అక్కడితో తీరిపోయినట్టు. "మనిద్దరం కలిసి ట్రై చేద్దాం. నువ్వు ఫస్ట్ సగం, నేను సెకండ్ సగం."

ఇద్దరూ తప్పే చెప్పారు. నొక్కి విన్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత పొడుగు మాటని ఆవిడ ఇంత పొట్టిగా పలికేసింది.

ఏప్రిల్‌లో రోజుకి మూడు పేజీలయ్యాయి, తర్వాత ఐదు. బొత్తం నొక్కే పని తగ్గింది. ఒక్కొక్క మాటకీ నొక్కేది పోయి వాక్యానికోసారి, పేజీకోసారి అయింది. ఒకరోజు కృతి నొక్కడమే మరిచిపోయి నాలుగు పేజీలు పోయింది. హరనాథ్ గుర్తుచెయ్యలేదు.

ఒక ఆదివారం అక్కకి తనే ఫోన్ చేశాడు. పద్మిని కంగారుపడింది, ఏమైందిరా అంటూ.

"ఏం కాలేదు. నువ్వు ఆ రోజు అన్నది నిజమే. అది బట్టీనే."

"ఈ ముక్క ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టిందా?"

"నువ్వు చెప్పావు కాబట్టి రెండు నెలలు. ఇంకెవరైనా చెప్పుంటే రెండు రోజులు."

అక్క నెమ్మదిగా అంది, "ఒరే, నిన్ను బడి మాన్పించిన రోజు నేనూ ఏడ్చానురా. నీకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పుండాల్సింది," అన్నాడు హరనాథ్. కటువుగానే అన్నాడు. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలో నిలబడ్డాడు. రాధారాణి వచ్చి పిలిస్తేగానీ లోపలికి రాలేదు. ఆ తర్వాత ఆదివారం అక్కని భోజనానికి పిలిచాడు. పనసపొట్టు కూర చేశాడు, ఆవిడకిష్టమని.

మే నెల రెండో వారంలో మిసెస్ నోవాక్ కృతికి పరీక్ష పెట్టింది. ఎప్పుడూ చూడని, ఎప్పుడూ వినని పుస్తకం. తల్లిదండ్రుల్ని రానివ్వలేదు. ఎలా చేశావని అడిగితే కృతి, "అందులో ఒక డాగ్ ఉంది. దానికి బాత్ అంటే ఇష్టం లేదు," అని చెప్పింది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయారు. కథ చెప్పగలిగిందంటే చదివిందనేగా అంది రాధారాణి. బొమ్మలు చూసి చెప్పుండొచ్చు అన్నాడు హరనాథ్. ఒకసారి దెబ్బతిన్నాడు కాబట్టి తొందరగా నమ్మదల్చుకోలేదు. ఆ వారంలో రెండు రోజులు పాయసం అడుగంటింది.

శుక్రవారం బడి వదిలాక కృతి వ్యాన్ ఎక్కి, సంచిలోంచి ఒక కవరు తీసింది.

"మిసెస్ నోవాక్ ఇచ్చింది. పేరెంట్స్ అని రాసుంది."

హరనాథ్ కవరు చేతిలోకి తీసుకున్నాడు. పార్కింగ్‌లోనే ఇంజిన్ ఆపేశాడు. వెనక్కి వెళ్ళి బూస్టర్ పక్కన ఇరుక్కుని కూచున్నాడు. మోకాళ్ళు ముందు సీటుకి తగులుతున్నాయి. ఇద్దరి మధ్యా కాగితం పరిచాడు. గొంతు లేదు, బొత్తం లేదు.

"కానివ్వు," అన్నాడు.

కృతి వేలు పెట్టింది. "డియర్... పేరెంట్స్... ఆఫ్... కృతి. నా పేరు." తర్వాత ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. హరనాథ్ కూడా ఆగాడు. దాన్ని దాటేద్దామనుకున్నారు, దాటేశారు. రెండో వరసలో సగం అతను చదివాడు, సగం ఆ పిల్ల. మూడో వరసకి వచ్చేసరికి కృతి వేలు వేగం అందుకుంది, అతను వెనకపడ్డాడు.

"కృతి... హాజ్... వర్క్‌డ్... వెరీ... హార్డ్. షీ... విల్... బీ... ఇన్..."

హరనాథ్ చూపు ముందుకు పోబోయింది. ఆపుకున్నాడు. పిల్ల నోటి నుంచే వినాలనిపించింది.

"...సెకండ్... గ్రేడ్. నాన్నా, సెకండ్ గ్రేడ్."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. ఈసారి అతను కూడా వేలు పెట్టి చూసుకున్నాడు. ఎస్ తో మొదలైన ఆ మాట అదే. సందేహం లేదు. దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి, వేసవిలో ఏమేం చదవాలో. అవి ఇంటికెళ్ళి చదువుకోవచ్చు.

రాధారాణికి ఫోన్ చేశాడు. డేకేర్‌లో పిల్లలు ఏడుస్తున్న శబ్దం మధ్య ఆవిడ, "ఎవరు చదివారండీ, వదినగారా?" అని అడిగింది.

"కాదు. మేమే."

ఆవిడ అటు ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టడం మాని తనే ముక్కు చీదుకుంది. సాయంత్రం తొందరగా వచ్చేస్తానంది.

హరనాథ్ ముందుకొచ్చి వ్యాన్ స్టార్ట్ చేశాడు. ప్రసాదానికి ఇంకా గంట పైనే టైముంది. ఎండ వెచ్చగా ఉంది, ఇళ్ళ ముందు గడ్డి కోసిన వాసన వస్తోంది. వెనక సీట్లో కృతి కనబడిన ప్రతి బోర్డూ పైకి చదువుతోంది. బ్యాంకు పేరు, చాకలి కొట్టు పేరు, పిజ్జా ఎంతకిస్తారో. కాసేపు మురిపెంగా విన్నాడు. ఇంకాసేపటికి తల నొప్పెట్టడం మొదలైంది.

"కొంచెం మనసులో చదువుకోవచ్చు కదే."

"మనసులో నీకు వినిపించదు కదా."

లైట్ ఎర్రగా ఉంది. ఎడమవైపు నుంచి కార్లేమీ రావట్లేదు; అలాంటప్పుడు ఎర్ర లైటున్నా ఆగి కుడికి తిరగనిస్తారు ఈ దేశంలో. హరనాథ్ ఒక్క క్షణం ఆగి, రోజూలాగే కుడికి తిరిగాడు.

"నాన్నా, అక్కడ నో టర్న్ ఆన్ రెడ్ అని రాసుంది."

"ఎక్కడ?"

"వెనక. స్తంభం మీద చిన్నగా ఉంది. మనం టర్న్ అయిపోయాం."

హరనాథ్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. నిజంగానే స్తంభం మీద ఏదో ఉంది. ఆరేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఆ మలుపు తిరుగుతున్నాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు.

"సరే," అంది కృతి, ఇంకో బోర్డు కోసం కిటికీ వైపు వంగుతూ. "కానీ రేపటి నుంచి నేను చెప్పేదాకా నువ్వు తిరక్కూడదు."